రాములక్కాయల గవ్వలు

ఎండాకాలంలో వంటింట్లో ఎక్కువసేపు నిలబడలేక నేను తరచు పాస్తా వండేస్తుంటాను. కాగిన నూనెలో వెల్లుల్లి వేగి, పండు టమాటాలు చర్రుమని పడగానే లేచే పుల్లటి ఆవిరి ఖమ్మంలోని మా ఇంటి నుంచి నన్ను ములకలపల్లి దాటాక అడవి అంచున ఉండే ఆడపిల్లల హాస్టల్‌కు తీసుకుపోతుంది. రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లవి. నాకు తొమ్మిదేళ్లు. మా అమ్మ నర్సమ్మ అక్కడ వంట చేసేది.

మాకు వేసవి అంటే ఇప్పపూల మత్తు వాసన, గౌను జేబులో నలిగి జిగురంటే తునికి పండ్లు, ఉప్పూకారం అద్దుకుని నాలుక మండేదాకా తిన్న మామిడి ముక్కలు, వరండా చల్లదనంలో గచ్చకాయల ఆట. ఊళ్లకు మాత్రం అది బీడీలు చుట్టే తునికాకు కాలం. ఇంటిల్లిపాదీ చీకటితోనే అడవికి పోయి ఆకు కోసి, మధ్యాహ్నమంతా కట్టలు కట్టేవాళ్లు. అలాంటి రోజుల్లో పదో తరగతి తప్పిన ఇరవై మంది పిల్లలను మళ్లీ పరీక్ష రాయించడానికని హాస్టల్‌లోనే ఉంచారు.

ఒక సాయంత్రం గాలిదుమారం లేచింది. స్టోరు గది రేకులు ఎగిరిపోయాయి, ఒక రేకు పడి కిరసనాయిలు డబ్బా బియ్యం బస్తాల మీద ఒలికిపోయింది. దారి పొడుగునా చెట్లు కూలి బస్సులు ఆగిపోయాయి. ఊళ్లో అడిగి తెచ్చిన బియ్యం తెల్లవారి గంజికే సరిపోయాయి.

"పిల్లలను రెండు రోజులు ఇండ్లకు పంపుదాం నర్సమ్మా," అన్నారు వార్డెన్ మేడం.

"పోతే ఆకు కోతల పడ్తరు మేడం, మళ్ల రారు. ఈ రెండొద్దులు నేను చూస్కుంట," అంది అమ్మ.

ఏం పెడుతుందో అప్పటికి తనకూ తెలియదు. పట్నం నుంచి ఎవరో దాతలు పంపిన అట్టపెట్టె ఒకటి, అందులో ఉన్నదేమిటో ఎవరికీ అర్థంకాక, నెలలుగా అటక మీదే పడి ఉంది. అమ్మ దాన్ని దించి, గవ్వల్లా ఒంపు తిరిగిన ఎండు ముక్కను కొరికి చూసింది.

"ఏందమ్మా ఇవి?" అన్నాను.

"గోధుమపిండి గవ్వలు బిడ్డా. మనం నూనెల గోలిస్తం, ఇవి ఉడకబెట్టేటియి అయి ఉంటయ్."

మొదటి గుప్పెడు ఉడికి ఉడికి జావైంది. రెండోసారి అమ్మ పొయ్యి దగ్గరే నిలబడి, ఒక్కో గవ్వ తీసి కొరుకుతూ, పలుకు పోగానే గంజి వార్చినట్టు వార్చేసింది. గిన్నెలు కడిగిన నీళ్లు పారే చోట వాటంతట అవే మొలిచిన రాములక్కాయల మొక్కలు మే నెలలోనూ కాస్తూనే ఉండేవి. టమాటాను మేం అట్లాగే అనేవాళ్లం. పండ్లన్నీ కోసి, చేత్తోనే చిదిమి, వెల్లుల్లి, ఎండుమిరప కారం, గుప్పెడు కొత్తిమీర వేసి, నూనె తేలగానే గవ్వలను అందులో కలిపింది. గంట కూడా పట్టలేదు.

పిల్లలు తినడానికి కూర్చునేసరికి వాళ్లలో సీత అనే అమ్మాయి నాయన సైకిల్ మీద వచ్చాడు. తిండి లేదు కాబట్టి ఇంటికి పంపేస్తారనుకుని అప్పటికే సీత బట్టలు మూటకట్టి గుమ్మంలో పెట్టుకుంది.

"ఆకుకు మనుషులు చాల్తలేరు. పిల్లను తీస్కపోత," అన్నాడు.

"ముందుగాల కాళ్లు కడుక్కో అన్నా. తిన్నంక మాట్లాడుదం," అని అమ్మ అతనికీ అడ్డాకు విస్తరి వేసింది.

అతను అనుమానంగా ఒక గవ్వ నోట్లో వేసుకున్నాడు. తర్వాత తల ఎత్తలేదు. రెండోసారి వడ్డిస్తూ అమ్మ మెల్లగా చెప్పింది: "తిండికి లేదని తెల్సినా నీ బిడ్డ పుస్తకం మూయలే అన్నా. దాన్ని ఆకలితోని ఉండనియ్య. పరీక్షదాంక ఓర్చుకో."

అతను చేయి కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుని, కూతురి వైపు తిరిగాడు.

"పరీక్ష రాసినంకనే రా బిడ్డా. ఆకు సంగతి నేను, మీ అమ్మ చూస్కుంటం."

వెనక సీటు ఖాళీగా ఉన్న నాయన సైకిల్ మలుపు తిరిగేదాకా సీత ఏడుస్తూనే ఉంది. నేను మాత్రం అమ్మ కొంగు పట్టుకుని, ఈమె మా అమ్మ అని అందరికీ తెలిసేలా నిలబడ్డాను.

మూడో రోజు ట్రాక్టర్‌లో బియ్యం వచ్చాయి. ఒక్క పిల్ల కూడా ఇంటికి పోలేదు. అందరూ పాసయ్యారని చెప్పను కానీ, సీత పాసైంది. ఇప్పుడు భద్రాచలం దవాఖానాలో నర్సు.

మొన్న అమ్మను తీసుకుని ఆ హాస్టల్‌కు వెళ్లాను. కట్టెల పొయ్యిలు లేవు, మసిబారిన ఆ వంటశాల లేదు. రాములక్కాయల చోట సిమెంటు గచ్చు పరిచారు. ఇప్పపూల కోసం ఎదురుచూసే పిల్లలూ కనిపించలేదు. గ్యాస్ పొయ్యి దగ్గరున్న అమ్మాయి బయటికొచ్చి, "ఎవరు గావాలె?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే అమ్మ నడుం నిటారుగా చేసి చెప్పింది:

"నేను గిక్కడ వంట చేసిన."