అలసంద పూత తిన్న పురుగు

మొన్న కదిరి మార్కెట్టులో ఒకామె పచ్చి అలసంద కాయలు విరుస్తాంటే, ఆ వాసనకు నిలబడలేక పక్కన నీడకు పోయి కూర్చున్నాను. ఎండదెబ్బేమోనని పాపం నీళ్లిచ్చింది.

పంతొమ్మిదొందల అరవైలు మొదలైన కొత్త, అప్పుడు నేను చిన్నపిల్లను. కంబదూరు దిక్కు మా పల్లెలో ఆ యేడు వానలు మొగం చాటేసి శనక్కాయ నిలువునా మాడిపోతే, సాళ్ల మధ్య వేసిన అలసంద ఎట్లనో బతికి, ఒక్క జల్లుకే పూత పట్టింది. ఇంట్లో గింజల్లేవు, ఆ పూతే మాకు దిక్కు. గుగ్గిళ్లు, వడలు, సంగటిలోకి పులుసు అని పిల్లోళ్లం నోటితోనే వండుకుని తింటాంటిమి.

అంతలో దిగినాయి పాడు పురుగులు. వేలి కణుపంత, నల్లటి వీపు మీద నారింజ పట్టీలు, చూసేదానికి ఎంత ముద్దో! ఆకు ముట్టవు, పూరేకులే నములుతాయి. నలిగితే ఒళ్లు పొక్కుతాదని, పుల్లతో బూడిదనీళ్ల కుండలోకి రాల్చమని అమ్మ చెప్పేది. ఎంత రాల్చినా తరగలేదు. ఒకటి నా మోచేతి కింద నలిగి, తెల్లారేసరికి నీళ్లబొబ్బ లేచింది.

పూతంతా పాయె. కాయ రాని చేను గొడ్లకన్నా పడాలని కోసేయడం మా దిక్కు రివాజు. మా జోడెద్దుల్లో ఒకటి కొన్నాళ్లకని మేనమామ బండికి పోయింది, ఇంట్లో ఉండేది బొల్లోడొక్కడే. ఎముకలు తేలినాడని జాలిపడి నాయన పచ్చితీగ మోపులు మోపులుగా వేసినాడు, పురుగులతో సహా. ఆ పురుగు తోలుకే చెడ్డదనుకున్నాం గానీ, కడుపులోకి పోతే ఏమైతాదో ఎవరికీ తోచలేదు.

మరుసటి పొద్దుకు బొల్లోడు చొంగ కారుస్తా, కాళ్లు నేలకేసి కొడతా, ఎర్రగా ఉచ్చ పోస్తాండాడు. నాయన పామన్నాడు, దిష్టన్నాడు, పసుపునీళ్లు తాపినాడు. అమ్మ వాని నోరు తెరిచి చూసింది. నాలుకంతా బొబ్బలు. నన్ను దగ్గరికి లాగి బొబ్బ లేచిన నా చేతిని ఆ నాలుక పక్కన పెట్టింది.

"పామూ గాదు, దిష్టీ గాదు. ఆ పురుగే. మనమే తినిపించినాం," అన్నది.

పొద్దు గుంకకముందే వాడు పాయె. తల తొడ మీద పెట్టుకుని నాయన "ఆకలైతాండాదని పెట్టినానే, నాయనా" అని ఏడ్చినాడు. ఆయన ఏడ్వడం అదే మొదలు చూడటం. నాకు భయమేసింది.

ఆ మరుసటేడు వాన దండిగా పడింది, అదొక ఎగతాళి. జోడు లేని ఎద్దుతో ఏం దున్నుతాం? ఊరంతా విత్తనాలేస్తాంటే మా చేను బీడుగానే ఉండిపోయింది.

బతికినన్నాళ్లూ నాయన ఏ గొడ్డుకు మేత వేసినా, ఎండుగడ్డి అయినా సరే, పిడికెడు పిడికెడు తీసి, దులిపి, కండ్లకు దగ్గరగా పెట్టుకుని చూసినాకే వేసేవాడు. ఆ అలవాటు నాకూ వచ్చింది. ఇప్పుడు ఊరంతా ట్రాక్టర్లే. దులిపి వేద్దామన్నా మా ఇంట్లో గాదు, ఊర్లోనే ఒక్క ఎద్దు లేదు.