మామగారి బురద బూట్లకు నా దండం

పెళ్ళిచూపుల్లో కంగారుపడి టీ ఒలకబోసుకున్న పెళ్ళికొడుకుల గురించి వినే ఉంటారు. నేను ఏకంగా కాబోయే మామగారినే వెల్లకిలా పడేశాను. నిరభ్యంతరంగా నవ్వుకోండి. నాకేం సిగ్గులేదు, ఉన్నదంతా ఆ రోజే పోయింది.

నేను మనసుపడ్డ పిల్ల మోరాగ్‌ది స్కాట్లండ్ పడమటి సముద్రంలో ఓ మారుమూల దీవి. ఇంట్లో మాట్లాడేది గేలిక్. మా పరిచయం మాత్రం అమెరికాలో, మోరిస్‌విల్ ఆఫీసులో. పెళ్ళి మాటెత్తగానే ఒకటే షరతు పెట్టింది. "మా నాన్న ఊఁ అంటేనే. ఆయనకేమో గొర్రెలు కాసే అల్లుడు కావాలి." గొర్రెతో నా పరిచయం బిర్యానీ వరకే!

రూమ్మేట్ శీను ధైర్యం చెప్పాడు. "టెన్షన్ ఎందుకు బ్రో? పెద్దాయన కనబడంగనే కాళ్ళకి దండం పెట్టెయ్. ఫ్లాట్ అయిపోతడు."

"వాళ్ళకి అలవాటుండదేమోరా?"

"అందుకే కొత్తగ ఉంటది. ఫస్ట్ ఇంప్రెషన్ మీద ఫోకస్ చెయ్!"

వాడికి అప్పటిదాకా ఒక్క సంబంధమూ కుదరలేదన్న సంగతి ఆ క్షణాన నాకెందుకు గుర్తురాలేదో!

విమానాలు మారి, ఓడెక్కి, దీవి చేరాం. వాళ్ళ వంటింట్లో పొయ్యి భగభగా మండుతోంది. అక్కడ కట్టెలు దొరకవు. బురదనేలలోంచి పీట్ అనే మట్టిపెళ్ళలు కోసి, ఎండబెట్టి, వాటినే కాలుస్తారు. అత్తగారు వద్దన్నా వినకుండా టీ పోస్తూనే ఉన్నారు. ఇరుగుపొరుగు తలుపైనా తట్టకుండా లోపలికొచ్చి, కూర్చుని, నన్ను ఎగాదిగా చూస్తున్నారు. అచ్చం మా పిన్ని ఇల్లే! నాకు ఉత్సాహం పొంగుకొచ్చింది.

అంతలో పీట్ కోసి మామగారు వచ్చారు. గుమ్మం పట్టనంత మనిషి. మోకాళ్ళదాకా రబ్బరు బూట్లు, వాటి నిండా నల్లటి బురద. ఉస్సురంటూ కుర్చీలో కూలబడ్డారు. ఇదే అదను అనుకుని ఒక్క ఉరుకులో వెళ్ళి, వంగి, రెండు బూట్లూ భక్తిగా పట్టుకున్నాను.

ఆయన మొహం వెలిగిపోయింది. కుడికాలు తీసి నా చేతుల్లో పెట్టారు.

"ఊఁ, లాగు!"

"సర్?"

"మడమ దగ్గర పట్టుకుని లాగవయ్యా!"

వీళ్ళ ఆశీర్వాదం ఇలా ఉంటుంది కాబోలనుకుని, బలంకొద్దీ లాగాను. బూటు నా ఒళ్ళో పడింది. మామగారు కుర్చీతో సహా వెనక్కి పడ్డారు.

"ఏం చేశావ్?" మోరాగ్ అరిచింది.

"దండం పెట్టాను!"

మామగారు నేలమీద నుంచే గేలిక్‌లో ఏదో అన్నారు. ఇల్లంతా గొల్లున నవ్వింది. నా పెళ్ళి గోవిందా!

"తిట్టారా?" అన్నాను బూటు కౌగలించుకుని.

మోరాగ్ కళ్ళు తుడుచుకుంటూ చెప్పింది. "రెండోది కూడా లాగితే పిల్లనిస్తాడట!"

లాగాను. లాగకేం చేస్తాను మరి?

ఇప్పుడాయన మోరిస్‌విల్ వచ్చినప్పుడల్లా, మా చుట్టాలందరి ముందూ సోఫాలో కూర్చుని, ఠీవిగా నావైపు కాలు చాపుతారు. అందుకే ముక్కోటి దేవతల సాక్షిగా శపథం చేస్తున్నాను. బూట్లు తొడుక్కున్న పెద్దలకు ఇకమీదట నా నమస్కారం దూరం నుంచే.