కోటు చేతిలో సొరంగం

లోకంలో ఏనాడూ ఆలస్యం కాని రైలు దర్జీ తాతయ్య ముందుగదిలో ఉంది. ఏనాడూ అంటే, పిల్లి పట్టాల మీద పడుకోని రోజుల్లో. కుట్టుబల్ల మీద బొమ్మరైలు, అట్టముక్కల ఊరు, పాత పచ్చకోటు పరిచి కుట్టిన కొండ, ఆ కోటు చెయ్యే సొరంగం. తాతయ్య మెడలో టేపు, నోట్లో ఈల. "ఇంజను నేనే, గార్డు నేనే, పట్టాలు తప్పేదీ నేనే," అని నవ్వుతాడు. ఆదివారాలు చూడ్డానికి వచ్చినవాళ్లు ఇచ్చే చందాలతో ఆసుపత్రిలో పిల్లల వార్డుకు మంచాలు వచ్చాయి. అందుకే మేయరమ్మ పతకం పట్టుకుని ఇంటికొచ్చారు. ఇన్నేళ్లూ బొమ్మలాట అని దెప్పిన బామ్మ ఎదుట దాన్ని ఊరికే చేత్తో అందుకుంటే ఏం గొప్ప? పతకం గూడ్సుపెట్టెలోనే రావాలని పట్టుబట్టి పచ్చజెండా ఊపాడు. బరువుకు రైలు సొరంగంలో ఆగిపోయింది. తాతయ్య చెయ్యి దూర్చాడు. పతకం దొరికింది గానీ పిడికిలి బయటికి రాలేదు.

"ఊరందరి చేతులూ కొలిచారు, మీ చెయ్యి పట్టేదో లేదో చూసుకోలేదా? పతకం వదిలెయ్యండి!" అంది బామ్మ.

"వదిలితే ఇది ఉత్త బొమ్మలాట కాదని నువ్వు నమ్మవుగా!"

బామ్మ ఒక్క క్షణం ఆయన్ని చూసి, కత్తెర తెచ్చి కొండను కోసింది.

ఇప్పుడెవరైనా ఆ సంగతి అడిగితే, తాతయ్య కొత్త కుట్లు పడ్డ కొండకు అడ్డంగా నిలబడతాడు.

"కొండా? మా ఇంట్లో కొండే లేదండీ."