కార్డు మీద ఉన్న పేరు

"ముందు దొరికినకాడికి తీసుకుందాం, మిగతాది తర్వాత చూద్దాం" అని ఎవరన్నా నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. పెళ్ళి భోజనాల దగ్గర ఎవరో మామూలుగా అన్నా సరే, చేతిలో ముద్ద మళ్ళీ విస్తట్లో పెట్టేస్తాను. అవతలి వాళ్ళు నా మొహం చూసి కూరలో కారం ఎక్కువైందనుకుంటారు. ఆ మాట వల్ల మా ఇంట్లో ఏం జరిగిందో వాళ్ళకు తెలియదు.

మాది బాన్సువాడలో బీడీలు చేసే ఇల్లు. మా వాడలో ఏ గడపలో చూసినా ఆడవాళ్ళ ఒళ్ళో చాట, చాటలో కత్తిరించిన తునికాకు, తంబాకు. మా అమ్మకు కార్ఖానా కార్డు ఉండేది. ఆకు, తంబాకు ఇచ్చేది, కూలి, పీఎఫ్ కట్టేది దాని మీదే. ఇంటికి ఒకటే కార్డు. కోడలు వస్తే అత్త కార్డు మీదే బీడీలు చేస్తుంది. అత్త కళ్ళు మసకబారాక చాట కోడలి ఒళ్ళోకి మారుతుంది గానీ కార్డు మీద పేరు మారదు. మారిస్తే పాత సర్వీసంతా పోతుందని భయం. కార్ఖానాలో సంతకం కూడా కోడలే అత్త పేరుతో పెట్టేస్తుంది. ఇందులో తప్పేముందని ఎవరూ అనుకోలేదు. నేనూ అనుకోలేదు.

తొంభైల చివర్లో మా అన్న పెళ్ళయింది. వదినది పిట్లం దగ్గర పల్లె. బడి మొహం చూడలేదు. వచ్చిన నెలలోనే చాట అందుకుంది. అప్పుడు ఇంటర్ చదువుతున్న నేను ఆమెకు పలక ఇచ్చి మా అమ్మ పేరు రాయడం నేర్పాను. వారం రోజుల్లో పట్టేసింది. గుండ్రటి అక్షరాలు, మా అమ్మ సంతకం కంటే అందంగా ఉండేవి. "గిప్పుడు నేనే మీ అమ్మను, నా మాట వినాలె" అని నన్ను ఆటపట్టించేది.

ఐదారేళ్ళకు ఆమెకు ఆయాసం మొదలైంది. బిందె ఎత్తితే గోడ పట్టుకుని నిలబడేది. తంబాకు దుమ్ము వల్ల అనుకున్నాం. కాళ్ళకు నీరు దిగాక దవాఖానకు తీసుకుపోతే డాక్టరు దాచకుండా చెప్పాడు. గుండెలో కవాటం చెడిపోయింది, హైదరాబాదులో ఆపరేషన్ చేస్తే బతుకుతుంది, లేకపోతే లేదు. మా అన్న నడిపేది కిరాయి ఆటో. ప్రైవేటు ఆసుపత్రి మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తనైనా లేదు. సర్కారు పెద్దాసుపత్రిలో పేరు రాసుకుని, వంతు వచ్చినప్పుడు కబురు చేస్తామన్నారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా బీడీ సంఘంలో ఆరోగ్య బీమా మాట లేచింది. జిల్లాకు మంత్రి వస్తున్నాడు, సర్కారే బీమా చేయాలని అర్జీ పెడదామన్నారు. నా చేతిరాత బాగుంటుందని రాసే పని నాకిచ్చారు. బస్టాండు వెనక రేకుల గదిలో ఆదివారం ఆదివారం కూర్చునేవాళ్ళం. ముందు వరుసలో మగవాళ్ళు, మాటలు వాళ్ళవి. వెనక గోడ వారగా ఆడవాళ్ళు, వాళ్ళ ఒళ్ళో చాటలు. బీడీలు చేసే చేతులు ఒక్క క్షణం ఆగేవి కావు. వదిన అక్కడే కూర్చునేది, మధ్యమధ్య ఊపిరి అందుకోవడానికి తల పైకెత్తి.

మొదటి ఆదివారం నేను రాసింది ఒకటే వాక్యం: ఊళ్ళో ఉన్న ప్రతి మనిషికీ సర్కారే ఆరోగ్య బీమా చేయాలి. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ గదిలో సర్కారు బీమా వద్దన్నవాడు ఒక్కడూ లేడు. అది తలుచుకుంటేనే నాకు ఎక్కువ కోపం. శత్రువు లేని గదిలో మాకు మేమే గొయ్యి తవ్వుకున్నాం.

రెండో ఆదివారం మందుల దుకాణం ఆయన గొంతు సవరించుకున్నాడు. సంఘానికి చందా ఇచ్చేవాడు కాబట్టి ఆయన దగ్గితే కూడా అందరూ వినేవాళ్ళు.

"అందరికీ అంటే సర్కారు ఏడికెల్లి తెస్తది? ముందు దొరికినకాడికి తీసుకుందాం. బీడీ కార్మికుల వరకు అడుగుదాం."

చెరకు వేసే ఒక పెద్దాయన మొదటి రోజు నుంచీ వస్తుండేవాడు. ఆయన లేచి, "మరి మా రైతుల సంగతేంది?" అన్నాడు. తర్వాత చూద్దామన్నారు. ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, "మంచిది, మీరే బతుకుండ్రి" అని వెళ్ళిపోయాడు. నేను తలెత్తకుండా మొదటి వాక్యం కొట్టేసి కొత్తది రాశాను.

మూడో ఆదివారం సంఘం నాయకుడే ఇంకో మాట తెచ్చాడు. బీడీ కార్మికులంటే ఎవరని అడుగుతారు, కార్డు ఉన్న కార్మికులని రాయాలి అన్నాడు. నేనిక ఆగలేకపోయాను.

"అన్నా, అర్జీ ఇంకా మన చేతులనే ఉన్నది. మంత్రి అడగకముందే మనమే ఇంత తగ్గితే ఆయన చేతికి పోయేసరికి ఏం మిగుల్తది?"

"నీకు ఆవేశం ఎక్కువ చెల్లె. అందరికీ అంటే నవ్వి పక్కన పెడ్తడు. కార్డు ఉన్నోళ్ళంటే లిస్టు ఉంటది, పని అల్కగైతది."

నేను మెత్తబడ్డాను. ఎందుకు మెత్తబడ్డానో దాచను. మా ఇంట్లో కార్డు ఉంది. వదిన పని చేసేది ఆ కార్డు మీదే కదా, ఆమె ఎలాగూ గట్టెక్కుతుందనుకున్నాను. ఎనిమిదేళ్ళుగా ఆ కార్డంటే మాకు వదినే. దాని మీద ఉన్న పేరు వేరని నాకే కాదు, వెనక గోడ వారగా కూర్చున్న అంతమంది కోడళ్ళలో ఒక్కరికీ తట్టలేదు. చెరకు పెద్దాయన లేచి వెళ్ళిపోయినప్పుడు నోరెత్తని దాన్ని, ఇప్పుడు ఎత్తి మాత్రం ఏం చేశాను?

కార్బన్ కాగితం పెట్టి సాపు రాశాక సంతకాలు మొదలయ్యాయి. జబ్బు మనిషి గదా, ముందు ఈమెతో పెట్టిద్దామని వదినను పిలిచారు. ఆమె కలం పట్టుకుని నన్ను చూసింది.

"ఏ పేరు రాయాలె పిల్లా?"

"కార్డు మీద ఉన్న పేరే రాయి వదినా" అన్నాను.

మంత్రి నవ్వలేదు, పక్కన పెట్టలేదు. అడిగింది అడిగినట్టే, కార్డున్న మనిషికి మాత్రమే, ఇచ్చారు. కొన్ని నెలలకు బీమా కార్డులు వచ్చాయి. వాడంతా పండగ చేసుకుంది. మా అమ్మ తన కార్డు వదిన చేతిలో పెట్టింది.

"ఎనిమిదేండ్లకెల్లి నేను ఒక్క బీడీ చేయలే. అన్నీ నువ్వు చేసినయే. ఇది నీదే బిడ్డా, ఫికర్ చేయకు, మంచిగై రా."

అన్న, వదిన, నేను పొద్దున బస్సుకే హైదరాబాదు వెళ్ళాం. ఆసుపత్రి బల్ల దగ్గర గుమాస్తా కార్డు చూశాడు, వదినను చూశాడు, మళ్ళీ కార్డు చూశాడు.

"ఇందులో అరవై రెండేళ్ళని ఉంది. మీకు ముప్పై కూడా ఉన్నట్టు లేవు. ఇది మీ కార్డు కాదమ్మా."

"నాదే సార్. దీని మీద బీడీలన్నీ నేనే చేసిన" అంది వదిన. ఆయన నమ్మడం లేదనుకుని, బల్ల మీద కలం తీసుకుని, అక్కడున్న కాగితం మీద మా అమ్మ పేరు రాసి చూపించింది. ఒక్క అక్షరం తప్పు పోలేదు. రాసి, పరీక్ష పాసైన పిల్లలా ఆయన మొహంలోకి చూసింది.

ఆయన కఠినుడేం కాదు. గొంతు తగ్గించి, "ఇంకొకరి సంతకం పెట్టడం నేరమమ్మా, ఎవరైనా చూస్తే మీకే ఇబ్బంది" అన్నాడు. వదిన కలం మెల్లగా కింద పెట్టింది. తిరుగు ప్రయాణంలో బాన్సువాడ వచ్చేదాకా కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

నేను బస్సు దిగి ఇంటికి కూడా పోకుండా సంఘం గదికి పోయాను. నాయకుడు నెత్తి గోక్కున్నాడు.

"అరే, కోడండ్లను మర్చిపోయినం చెల్లె. మళ్ళ అర్జీ పెడదాం తీయ్."

మా వాడలో చాట పట్టిన వాళ్ళలో సగం మంది కోడళ్ళే. ఆయన సొంత కోడలు కూడా. నోటికొచ్చినట్టు తిట్టి వచ్చాను. అలా తిట్టినందుకు ఇప్పటికీ చింత లేదు.

ఆ వానాకాలంలోనే వదిన పోయింది. పెద్దాసుపత్రి నుంచి కబురు రానే లేదు. ఆ తర్వాత కొన్నేళ్ళకు తెల్ల రేషన్ కార్డున్న ఇళ్ళన్నింటికీ సర్కారే పెద్ద ఆపరేషన్లు చేయించడం మొదలుపెట్టింది. అత్తకూ కోడలికీ, బీడీ చేసేవాళ్ళకూ చెరకు వేసేవాళ్ళకూ. జరగదన్నది జరిగింది. అందరికీ అంటే నవ్వుతారన్న వాళ్ళే బస్టాండు దగ్గర మిఠాయిలు పంచారు. నాకూ ఒకటి ఇవ్వబోతే చెయ్యి చాపలేదు.

ఆ అర్జీ కార్బన్ కాపీ నా దగ్గర ఉంది. మొదటి సంతకం మా అమ్మ పేరు, వదిన రాసింది, నేను నేర్పిన గుండ్రటి అక్షరాల్లో. ఎనిమిదేళ్ళు ఒకే ఇంట్లో ఉన్నాం. ఆమె పేరు ఆమెకు రాయడం నేర్పాలని నాకు ఒక్క రోజూ తోచలేదు.