ఆమె కడగనివ్వని గ్లాసు

వియత్నాం పల్లెల్లో నాయనా నేనూ అద్దె సైకిళ్ళ మీద తిరిగాం. మా ఊరు అర్ధవీడు నుంచి కూలి పనులకు ఏళ్ళ తరబడి సైకిల్ తొక్కిన మనిషి, నాకంటే ముందే పోతున్నాడు. దాహమేసి ఒక ఇంటి ముందు ఆగితే, పెద్దామె ఒకామె గ్లాసుతో నీళ్ళు తెచ్చింది.

నాయన గ్లాసు పైకెత్తి, పెదవులకు తగలకుండా పోసుకున్నాడు. ఆమె ముఖం చిన్నబోయింది. గ్లాసు లోపలికి తీసుకెళ్ళి, తోమి, మళ్ళీ నింపి తెచ్చింది. ఆయన మళ్ళీ పైకెత్తబోయాడు.

"గ్లాసు బాగలేదేమో అనుకుంటా ఉంది నాయనా. మూతి పెట్టి తాగు," అన్నాను.

"ఒకరింటి గ్లాసు నేను ఎంగిలి చేస్తే ఎట్లమ్మా?"

నాయన పడుచుతనంలో మా ఊరి హోటల్లో మా పేటవాళ్ళకు గ్లాసులు వేరే ఉండేవి. తాగినవాళ్ళే కడిగిపెట్టాలి.

మా మాటలు అర్థంకాని ఆమె గ్లాసందుకుని, తాను ఒక గుక్క తాగి, నాయన చేతికిచ్చింది. ఈసారి ఆయన మూతి పెట్టే తాగాడు. తాగి, కడగడానికి కుళాయి వైపు నడిచాడు. ఆమె గ్లాసు లాక్కుని, అందులోనే నీళ్ళు పోసుకుని తాగింది.

అప్పటిదాకా దారిలో ఏ ఊరి పేరూ అడగని నాయన, సైకిలెక్కుతూ నన్నడిగాడు.

"ఈ ఊరి పేరేందమ్మా?"