టీవీ గేమ్‌లో మా నాయనమ్మ

మా చిన్నప్పుడు... ప్రత్తిపాడులో మా ఇంట్లో టీవీ ముందు కూర్చోవాలంటే ముందు దూది పక్కకి నెట్టాలి. దూది ఏకి పరుపులు కుట్టడం నాన్న పని మరి!

టీవీకి తగిలించే గేమ్ ఒకటి నాన్న గుంటూరులో పాత సామాన్ల కొట్లో కొనుక్కొచ్చాడు. దానికి ఒకే ఒక్క క్యాసెట్... అదీ జపాన్‌ది. ఆ ఆటని జపాన్ దాటి ఏ దేశంలోనూ అమ్మలేదని ఈమధ్యే తెలిసింది. మరి మా ఇంటికి ఎలా వచ్చిందో అల్లాకే తెలియాలి!

నలుగురు మనుషులు ఊరూరా తిరుగుతూ, రాక్షసులతో పోరాడుతూ, బలం పెంచుకుంటూ పోయే పెద్ద కథ. ఒక్క అక్షరం అర్థమైతే ఒట్టు. ఏ బటన్ నొక్కితే ఏమవుతుందో చూసుకుంటూ నేనూ, ఇంకా బడికి వెళ్ళని మా చెల్లి సైదా ఆడేసేవాళ్ళం. "ఏకై వచ్చి మేకై కూర్చుందే ఈ గేమ్!" అని అమ్మ ఒకటే తిట్లు.

ఆ నలుగురిలో తెల్లబట్టల ముసలమ్మ ఒకామె. దెబ్బలు తగిలినవాళ్ళకి మంత్రం వేసి నయం చేసేది. అప్పటికి కొద్ది రోజుల ముందే మా నాయనమ్మ పోయింది. పక్కలో నాయనమ్మ లేక బెంగపెట్టుకున్న సైదా, ఆ ముసలమ్మని చూశాకే మళ్ళీ నవ్వింది. "అక్కా, నాయనమ్మని ముందు నడిపించొద్దే... దెబ్బలు తగులుతాయి" అనేది.

ఒకరోజు ఆటలో ఓ గుహలో పెద్ద పాము కాటేసింది. ముసలమ్మ పడిపోయింది... ఆమె బదులు ఓ శవపెట్టె మిగతా ముగ్గురి వెనకాలే రావడం మొదలుపెట్టింది. సైదా గుక్కపట్టి ఏడ్చింది. అన్నం ముట్టలేదు.

పని ముగించుకుని నాన్న లోపలికొచ్చాడు, మీసాల నిండా దూది. "ఏందే ఇది? శవాన్ని ఎంట పెట్టుకుని యుద్ధాలేందే? తప్పు గదా! బిరాన మట్టి చెయ్యాల."

"మట్టి చెయ్యొద్దు నాన్నా!" సైదా టీవీని కావలించుకుంది.

నాన్న సైదాని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాడు. "అట్టా తిప్పితే నాయనమ్మకి కష్టంగా ఉంటదమ్మా. అందరం కలిసి సాగనంపుదాం."

సరే, ఆటలో ఖబరస్తాన్ ఎక్కడుందో వెతకడానికి బయల్దేరాం. ఊరు తర్వాత ఊరు... చివరికి ఓ పెద్ద భవనంలో పొడుగు అంగీ తొడుక్కున్న పెద్దమనిషి కనిపించాడు. "ఈయనే నమాజు చదివి మట్టి చేయిస్తాడు, అడుగు" అన్నాడు నాన్న. భుజం మీది తువ్వాలు తలకి చుట్టుకున్నాడు. మా తలల మీదా చున్నీలు కప్పించాడు. నేను బటన్ నొక్కాను...

ఏదో సంగీతం మోగింది. పెట్టె మాయమైంది. ముసలమ్మ లేచి నిలబడింది!

సైదా గంతులేసింది. నాన్నా నేనూ నోళ్ళు వెళ్ళబెట్టాం. అంతలోనే అది అడిగింది... "మన నాయనమ్మని ఈయన దగ్గరికి ఎందుకు తీసుకుపోలేదు నాన్నా?"

"మన దగ్గర అట్టాంటాయన లేడమ్మా... ఉంటే, మా అమ్మని వీపున మోసుకుని పోనా?" అన్నాడు నాన్న. నాయనమ్మని మట్టి చేసిననాడు కూడా కంటతడి పెట్టని మనిషి, తువ్వాలులో మొహం దాచుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. సైదానే ఆయన కళ్ళు తుడిచింది.

ఇప్పుడా ఆటని ఎవరో అభిమానులు ఇంగ్లీషులోకి మార్చి పెట్టారు. మొన్న సైదా కొడుకు ఫోన్‌లో ఆడుతున్నాడు. ముసలమ్మ పడిపోగానే టక్కున ఆటని వెనక్కి తిప్పి మళ్ళీ మొదలుపెట్టాడు... పెట్టె కనిపించనే లేదు. వాడికి ఏడ్చే పనే పడలేదు, పక్కన ఎవరూ కూర్చునే పనీ పడలేదు.

మీ చిన్నప్పుడు ఏ ఆటలోనైనా మీవాళ్ళెవరైనా కనిపించారా? చెప్పండి... వినాలనుంది.