సోమవారం తప్పని బ్లాగు

మాది వరంగల్ కొత్తవాడ. నాన్న ఇంట్లోనే గుంట మగ్గం మీద జంపఖానాలు నేసేవాడు. "రోజూ నాలుగు పోగులన్న వెయ్యాలె బిడ్డా, మగ్గాన్ని ఊకె ఉంచొద్దు" అనేవాడు. ఆ మాట పట్టుకునే ఆయన నేత గురించి బ్లాగు మొదలుపెట్టాను. చదివేవాళ్లు పెద్దగా లేకపోయినా నాలుగేళ్లు ఒక్క సోమవారం కూడా తప్పలేదు.

రెండేళ్ల కిందట నాన్న కుడిచేయి పడిపోయింది. మగ్గం అమ్మేసి, గుంట పూడ్చి సిమెంటు చేయించాం. ఆ సంగతి మాత్రం రాయలేకపోయాను. పాత ఫొటోలు పెట్టి 'ఈ వారం నాన్న నేసింది' అంటూ రాస్తూనే పోయాను.

మొన్న ఎండాకాలంలో ఖమ్మం నుంచి ఒకావిడ ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. మొదటి నుంచీ నా బ్లాగు చదువుతోందట. "ఒక్కసారి మగ్గం చూడొచ్చా?" అంది. మగ్గం ఉన్నచోట నా స్కూటీ ఉంది. ముందు చాయ్ తాగండి అన్నాను.

నాన్నే అందుకున్నాడు. "మగ్గం పోయి రెండేండ్లాయె తల్లీ. బిడ్డ వారం వారం చదివి వినిపిస్తాంటె, నేనింకా నేస్తాన్ననే అనుకునెటోన్ని."

ఆవిడ చాయ్ తాగి వెళ్లిపోయింది. క్రమం తప్పకుండా రాస్తే బ్లాగు నిలబడుతుందంటారు. నాది నిలబడింది, మగ్గమే లేదు.

ఆ సోమవారం నిజం రాసేద్దామని కూర్చున్నాను. నాన్న ఎప్పటిలాగే పక్కన కుర్చీ వేసుకుని అడిగాడు.

"ఈ వారం నేనేం నేసిన బిడ్డా?"